మొదటి శ్రేణి కాపలాదారు

మిల్లు మూతపడింది గాని గొర్లె తవిటినాయుడి డ్యూటీ మాత్రం మూతపడలేదు.

నాగావళి ఇవతలి ఒడ్డున, ఊరికి ఆ చివర, ఆ జూట్ మిల్లు ఉండేది. నడిచిన రోజుల్లో ఆయన నేత షెడ్డులో మగ్గం మీద గోనెపట్టా నేసేవాడు. మిల్లు ఆగిపోయాక తోటివాళ్ళు తలో దారి పట్టారు. కొందరు చెన్నై వెళ్ళి హోటళ్ళలో చేరారు, కొందరు విశాఖలో మేస్త్రీల వెనకాల తిరిగారు. బ్యాంకువాళ్ళు మిల్లుని స్వాధీనం చేసుకుని, వేలం అయ్యేదాకా కాపలా కాయమని ఒక సెక్యూరిటీ ఏజెన్సీకి అప్పగించారు. ఏజెన్సీ సూపర్‌వైజరు కృష్ణబాబు వచ్చి, "లోపల మూలమూలా తెలిసినవాడివి, నువ్వు చేస్తావా నాయుడూ?" అని అడిగితే, తవిటినాయుడు మారు మాట్లాడకుండా నీలం చొక్కా తొడుక్కున్నాడు. వేలం ఏడాదికేడాది వాయిదా పడింది. ఆ గేటు దగ్గరే ఆయన మీసం నెరిసింది.

"తుప్పు పట్టిన ఇనుముకి కాపలా ఏటి?" అని ఊళ్ళోవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయనకి అక్కడ తుప్పు కనిపిస్తే కదా! నేత షెడ్డులో అడుగు పెట్టగానే మగ్గాల వరసలు కదిలేవి. నార దుమ్ములో సూర్యకిరణాలు పలకల్లా నిలబడేవి. మూలనున్న మగ్గం గురువులన్నది. కొత్తగా చేరిన కుర్రాళ్ళందరికీ ఆయనే గురువు, పేరుకి తగ్గట్టు. దాని పక్కది దాలయ్యది. మేనేజరు నడకని అనుకరిస్తూ నడిచి, ఒకరోజు సరిగ్గా మేనేజరు ముందే దొరికిపోయిన దాలయ్య. ఇంకా ఇవతలది సూరప్పడిది. భోజనం గంట కొట్టకముందే వాడి కారియరు సగం ఖాళీ. గస్తీ తిరుగుతూ తవిటినాయుడు ఒక్కో మగ్గం దగ్గరా కాసేపు ఆగి, లోపల్లోపల నవ్వుకుని, ముందుకి సాగేవాడు.

మధ్యాహ్నం భార్య అసిరమ్మ అన్నం తెచ్చేది. ఆమె కూడా ఆ మిల్లు మనిషే. కండెలు చుట్టే షెడ్డులో పనిచేసింది. ఇద్దరూ ఆ షెడ్డు కిటికీ కింద కూర్చుని తినేవాళ్ళు.

"ఈ కిటికీలోంచే గదా మావా, నువ్వు నన్ను దొంగసూపులు సూసీవోడివి?" అనేది అసిరమ్మ.

"నిన్నేటి సూత్తానొలే! నీ యెనకాల గోడ మీద గడియారం సూసీవోణ్ణి."

"ఆ గడియారం ఆగిపోయి అప్పటికే యేడాదయ్యింది."

ఆ మాట ఎన్నిసార్లు అనుకున్నారో. అనుకున్న ప్రతిసారీ కొత్తగానే నవ్వుకునేవాళ్ళు. ఇంటికొచ్చాక కూడా ఆయన నోరు ఊరుకునేది కాదు. ఒక సమ్మె కథో, ఒక పెళ్ళి కథో ఎత్తుకుని, అందులోని మనుషులందరి గొంతులూ తానే పలుకుతూ చెప్పేవాడు. అసిరమ్మ పొయ్యి ముందు కూర్చుని వింటూ, "అలగ కాదు, ముందు దాలయ్య పడ్డాడు, తరవాత నువ్వు పడ్డావు" అని దిద్దుతూ ఉండేది.

వేలం చివరికి అయింది. కొన్నవాళ్ళు కంప్యూటర్ల గిడ్డంగి పెడతామన్నారు. దేశంలోని ఆసుపత్రుల వివరాలూ బ్యాంకుల వివరాలూ ఆ గిడ్డంగి యంత్రాల్లో దాస్తారట. గోదాములు ముందు బాగుచేస్తారు, నేత షెడ్డు జోలికి ఇప్పట్లో రారు. తవిటినాయుడు ఊపిరి పీల్చుకున్నాడు. మర్నాడే కృష్ణబాబు మోటారు సైకిలు మీద దిగాడు.

"నాయుడూ, రూల్సు మారాయి. ఇదివరకటిలా తుపాకీ ఉన్నవాడికొక లైసెన్సు, లేనివాడికొక లైసెన్సు కాదు. ఇప్పుడు మూడు శ్రేణులు. తలకి కొత్త మిషను పెట్టుకుని కాపలా కాసేవాళ్ళకే మొదటి రెండూ. ఏ మిషనూ లేనివాడిది మూడో శ్రేణి. వాడు బట్టల కొట్ల ముందు, కల్యాణ మండపాల ముందు నిలబడి తలుపు తియ్యాలి, అంతే. ఇలాంటి చోట పనికిరాడు."

"అయితే నన్ను తీసేత్తారా బాబూ?"

"విశాఖ వెళ్ళి పరీక్ష రాయి. రాయడమంటే రాయడం కాదులే, కూర్చోవడమే."

కూర్చోవడమే అయినా ఆ పరీక్ష తవిటినాయుడు గట్టెక్కలేకపోయాడు. విశాఖలో సముద్రం కనిపించే మేడ మీద ఒక ప్రయోగశాల. చల్లటి గది. ఎదురుగా తెర మీద ఖాళీ వరండా ఒకటి. ఆ వరండాలో ఏ తలుపైనా కాస్త కదిలితే చేతిలోని మీట నొక్కాలి. మొదట్లో బాగానే నొక్కాడు. ఆ తరవాత ఆ వరండా మెల్లగా నేత షెడ్డు అయిపోయింది. సూరప్పడు కారియరు విప్పుతున్నాడు. తెర మీద తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. మీట కదల్లేదు.

పరీక్ష నడిపే డాక్టరు ఒక నడివయసు స్త్రీ. పేరు మృదుల. ఆ మిషను కనిపెట్టింది ఆవిడే. లోపలికి వచ్చి, కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చుంది.

"ఎక్కడికి వెళ్ళారు తవిటినాయుడుగారూ?"

"ఎక్కడికీ ఎల్లనేదమ్మా. ఇక్కడే గదా కూకున్నాను."

"మనిషి ఇక్కడే ఉన్నారు. మనసు?"

ఆయన సిగ్గుపడ్డాడు. "మిల్లుకెల్లింది."

ఆవిడ అడిగింది గనక సూరప్పడి గురించి చెప్పాడు. ఆపైన దాలయ్య గురించి. గురువులన్న గురించి చెబుతుండగా బయట వరసలో ఉన్న గార్డులు విసుక్కోవడం మొదలుపెట్టారు. డాక్టరు మృదుల గడ్డం కింద చెయ్యి పెట్టుకుని అలాగే వింది. తన తండ్రి రైలింజను డ్రైవరని, పట్టాల మీద చూపు నిలపలేక ఒకసారి ఎర్రదీపం దాటేశాడని, ఆ దెబ్బతో మనిషి కుంగిపోయాడని చెప్పింది. అలాంటి డ్రైవర్ల కోసమే తానీ మిషను చేసిందట.

"ఊరికే కూర్చున్నప్పుడు మెదడు ఊరికే ఉండదండీ. నిన్నటిలోకో రేపటిలోకో నడిచిపోతుంది. ఇది ఆ దారికి అడ్డంగా ఒక గేటు వేస్తుంది. తీసేస్తే గేటు తెరుచుకుంటుంది" అంటూ ఆయన నుదుటికి మెత్తటి పట్టీ ఒకటి కట్టింది.

చెవి వెనక సన్నగా చీమ పాకినట్టయింది. అంతే, చుట్టూ నిశ్శబ్దం. గొర్లె వారింటి కొడుకు, అసిరమ్మ మొగుడు, నేత షెడ్డు మనిషి, అందరూ ఎక్కడికో తప్పుకున్నారు. తెర ఉంది, తలుపులు ఉన్నాయి. ప్రతి తలుపూ పట్టుకున్నాడు.

రెండో శ్రేణి లైసెన్సు ఇచ్చారు. డ్యూటీలో ఉన్నంతసేపూ పట్టీ కట్టుకోవాలి, దిగాక విప్పుకోవచ్చు. ఆ పట్టీకి పెద్ద పేరేదో ఉండేది గాని గార్డులు దాన్ని కళ్ళెం అనేవాళ్ళు.

మొదట్లో ఆ కళ్ళెం అంత చెడ్డదనిపించలేదు. డ్యూటీలో ఆయన కంట పడకుండా పిల్లి కూడా గోడ దాటేది కాదు. సాయంత్రం గేటు దగ్గర కళ్ళెం విప్పగానే, ఆపి ఉంచిన జ్ఞాపకాలన్నీ ఒక్కసారి కాలవ గట్టు తెగినట్టు వచ్చి పడేవి. గేటు పక్క అరుగు మీద కూలబడి ఒక్కడే నవ్వేవాడు, ఒక్కోసారి కళ్ళు తుడుచుకునేవాడు. మధ్యాహ్నం భోజనాలప్పుడు మాత్రం కష్టం. కిటికీ కింద కూర్చుని అసిరమ్మ గడియారం మాట ఎత్తితే, ఆయన గోడ వైపు చూసి, "గడియారం నేదక్కడ" అనేవాడు. ఆమె కొన్నాళ్ళు చూసి, అన్నం గేటు దగ్గరే ఇచ్చి వెళ్ళిపోవడం మొదలుపెట్టింది. సాయంత్రానికి మనిషి తిరిగొస్తాడు కదా అని సరిపెట్టుకుంది.

ఎక్కడో వేరే జిల్లాలో ఒక గార్డు డ్యూటీ మధ్యలో కళ్ళెం విప్పి జేబులో పెట్టుకున్నాడు. ఆ పూటే అక్కడ దొంగతనం జరిగింది. లైసెన్సుల మండలి మళ్ళీ కూర్చుని శ్రేణులు మార్చింది. రెండో శ్రేణి రద్దు. ఇక ఉండేవి మొదటిదీ మూడోదీ. మొదటి శ్రేణివాడికి బియ్యపు గింజంత మిషను చెవి వెనక చర్మం కింద పెడతారు. అది రాత్రీ పగలూ పనిచేస్తుంది. విప్పుకోవడమనేది ఉండదు.

ఆ కబురు విన్న రోజు అసిరమ్మ పొయ్యి వెలిగించలేదు.

"వద్దు మావా. ఒగ్గీ ఆ ఉద్దోగం."

"ఒగ్గీసి ఏ బట్టల కొట్టు ముందో నిలబడమంటావా?"

"నిలబడితే ఏటి? నేనూ ఏదో పని సూసుకుంటాను."

"పని గురించి కాదొలే." ఆయన గొంతు తగ్గింది. "రేపు నేను గేటు బయటికొచ్చీనానంటే మళ్ళీ ఆ లోపలికి ఎవలు రానిత్తారు? ఆ షెడ్డు సూడకుండా నేను ఉండలేను. గురువులన్న, దాలయ్య, అందరూ అక్కడే ఉన్నారు నాకు."

"పిచ్చి మావా! మిల్లు కోసం ఆ మిషను పెట్టించుకుంటావు. పెట్టించుకున్నాక నీకు ఆ మిల్లే ఉండదు. గోడలుంటాయి."

ఆమె చెప్పింది నిజమేనని ఆయనకి ఎక్కడో తెలుసు. అయినా గేటు బయట నిలబడి లోపలికి చూసే రోజుని ఊహించుకోలేకపోయాడు. గోడలైనా ఉంటే చాలనుకున్నాడు. విశాఖ బస్సెక్కాడు.

"పట్టీ వరకే నేను చెప్పానండీ. లోపల పెట్టే మాట మండలి వాళ్ళది. కాగితం మీద నా సంతకం కూడా ఉందనుకోండి" అంది డాక్టరు మృదుల కిటికీ వైపు తిరిగి. "మీకు పూర్తిగా ఇష్టమేనా?" అని అడిగింది. ఇష్టమే అన్నాడు. ఆ పూటే గింజంత మిషను చెవి వెనక చేరింది.

గేటు తెరుస్తాడు. గేటు మూస్తాడు. గోదాము తలుపుకి రెండు తాళాలు, రెండూ పడి ఉన్నాయి. నేత షెడ్డు పైకప్పు రేకు ఒకటి గాలికి ఊగుతోంది, కడితే సరిపోతుంది. కడతాడు. ఇంటికి వెళ్తాడు. అన్నం వేడిగా ఉంది, పులుసులో ఉప్పు తక్కువ. భార్య ఏదో అడుగుతుంది. అడిగినదానికి జవాబు చెబుతాడు. ఆమె దాలయ్య కథ చెప్పమంటుంది. "దాలయ్య మేనేజరులా నడిచాడు. మేనేజరు సూసేడు" అని చెబుతాడు. కథ అయిపోయింది. ఆమె ఇంకా ఎందుకు చూస్తోందో అర్థం కాక చెయ్యి కడుక్కుంటాడు. బాధ లేదు. బెంగ లేదు. పడుకోగానే నిద్ర పడుతుంది.

ఏజెన్సీ ఆయన ఫోటో ఆఫీసులో పెట్టింది. కొత్త యజమానులు శాలువా కప్పారు.

ఒకనాటి మధ్యాహ్నం ఏటి వైపు ప్రహరీ కూలిన చోట ఇటుక కదిలిన చప్పుడైంది. తవిటినాయుడు అటు వెళ్ళాడు. నేత షెడ్డులోంచి ఒక ముసలాయన మెల్లగా బయటికి వస్తున్నాడు. తెల్లటి పంచె, మోకాళ్ళ దాకా బురద. చేతిలో మగ్గం మీద నూలు అటూ ఇటూ లాగే నాడె ఒకటి, కొయ్యది, రెండు కొసలా ఇనప ముక్కులున్నది.

"ఆగు" అన్నాడు తవిటినాయుడు.

ముసలాయన ఉలిక్కిపడి చూశాడు. ఆ వెంటనే ముఖమంతా విప్పారింది.

"ఒరే తవిటీ! నువ్వేనా! గుండె ఆగిపోయినంత పనైందిరా. మనవరాలు బడిలో సెప్పిందంట, మా తాత గోనె నేసీవోడని. ఎలగ నేసీవోడివి సూపించు అని ఒకటే గోల. నా నాడె ఇంకా నా మగ్గం మీదే ఉంది రా, ఎవలూ ముట్టుకోనేదు!"

తవిటినాయుడు ఆయన్ని చూశాడు. పేరు జమ్మి గురువులు. నేత షెడ్డు. అనుమతి లేదు. చేతిలో వస్తువు ఉంది.

"అక్కడ పెట్టి, ఇటు రండి."

"రండేటిరా? నాతో ఆటలాడతన్నావేటి?"

"ఇటు రండి" అని చెయ్యి పట్టుకుని గేటు దగ్గరికి నడిపించి, స్టూలు మీద కూర్చోబెట్టి, పోలీసులకి ఫోను చేశాడు. జీపు వచ్చేదాకా గురువులు ఆయన ముఖంలోకి చూస్తూనే ఉన్నాడు. మొదట నవ్వుతూ, కాస్సేపటికి అర్థం కాకుండా, చివరికి చూపు నేల మీదికి దించి. జీపు ఎక్కేటప్పుడు పంచె కాలికి చుట్టుకుని తూలితే కానిస్టేబులు రెక్క పట్టుకుని లాగాడు. అదంతా తవిటినాయుడు చూశాడు. గేటు మూశాడు.

సాయంత్రం దాకా గురువుల్ని స్టేషనులో నేల మీద కూర్చోబెట్టారు. కోడలు వెళ్ళి పెద్దమనుషుల్ని బతిమాలి తెచ్చుకుంది. తరవాత యజమానులే ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు గాని, ఊరంతా అప్పటికే చూసింది.

అసిరమ్మకి ఈ సంగతి కుళాయి దగ్గర తెలిసింది. బిందె అక్కడే వదిలేసి వచ్చింది.

"నిజమేనా మావా? గురువులన్నని పట్టించీనావా?"

"ఔను. నాడె తీసుకెల్తన్నాడు."

"మన పెల్లికి మీ అయ్య రానంటే, నీ పక్కన పెద్దరికం పట్టి నిలబడ్డవోడెవడు? సమ్మెలో మనింట్లో గింజ నేకపోతే, తన గిన్నెలోది సగం మనకి తెచ్చినోడెవడు?"

"గురువులన్న" అన్నాడు తవిటినాయుడు, వెంటనే. అడిగితే అన్నీ గుర్తే.

అసిరమ్మ కేక పెట్టలేదు, తిట్టలేదు. గోడకి జారగిలబడి కూర్చుంది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు. మనసు ఇంకెక్కడికీ పోలేని ఆయన చూపు ఆమె మీదే నిలిచింది. ఆమె కుడి కన్ను ముందు తడుస్తుందని, ఏడ్చేటప్పుడు కింది పెదవిని లోపలికి లాక్కుంటుందని అంత నిదానంగా ఆయన ఎన్నడూ చూడలేదు.

"నీకు నొప్పిగా ఉంది" అన్నాడు.

"నీకు నేదా?"

"నేదు."

"నొప్పి ఉండాలని ఉందా మావా?"

"ఉండాలని నాకేటీ అనిపించడం నేదు" అన్నాడు నిజాయితీగా. "కాని నువ్వు ఇలగ ఏడుత్తుంటే సూత్తన్నాను. ఇది ఆగాల. ఏటి సేత్తే ఆగుద్దో సెప్పు, సేత్తాను."

మర్నాడు ఇద్దరూ విశాఖ వెళ్ళారు. డాక్టరు మృదుల అంతా విని, తవిటినాయుడి వైపు తిరిగి, "మీ సూరప్పడు ఎలా ఉన్నాడండీ? కారియరు సంగతి మళ్ళీ చెప్పండి" అంది.

"సూరప్పడు గంట కొట్టకముందు అన్నం తినీవోడు."

ఇంకా ఏదైనా వస్తుందేమోనని ఆవిడ చూసింది. ఏదీ రాలేదు. ఆవిడ లేచి వెళ్ళి ఖాళీ వరండా చూపించే ఆ తెరని ఆపేసింది.

"నేను పూర్తిగా కాపలా కాసే మనిషిని చేద్దామనుకున్నానమ్మా. కాపలా మిగిలింది, మనిషి మిగల్లేదు" అంది అసిరమ్మతో. "మిషను తీసేస్తాను. అయితే రెండు సంగతులు. మొదటి శ్రేణి వదులుకున్నవాడికి మళ్ళీ ఆ శ్రేణి ఇవ్వరు. ఆ మిల్లు గేటు ఈయనకి ఇక లేనట్టే. రెండోది, ఇన్నాళ్ళు మూసిన దారి మళ్ళీ ఎంతవరకు తెరుచుకుంటుందో నేను చెప్పలేను. కొన్ని రావచ్చు, కొన్ని రాకపోవచ్చు."

"రాకపోతే?"

"రాకపోతే నన్ను తిట్టండి. దానికి నేను తగినదాన్నే."

"మిమ్మల్ని తిడితే ఈయన నవ్వుతాడేటమ్మా?" అంది అసిరమ్మ. డాక్టరు వెళ్ళి చేతులు కడుక్కుని, బల్ల మీద దుప్పటి పరిచింది.

తవిటినాయుడు తల ఒక పక్కకి వంచి పడుకున్నాడు. అసిరమ్మ ఆయన పాదం పట్టుకుని నిలబడింది.

ఆ తరవాత డాక్టరు మృదుల మండలి ముందుకెళ్ళి, శ్రేణుల కాగితం మీద తన సంతకం వెనక్కి తీసుకుంటున్నానని చెప్పిందట. ఆ ప్రయోగశాలలో ఆవిడ గది వేరేవాళ్ళకి ఇచ్చారు. చాలాకాలానికి రెండో శ్రేణిని మళ్ళీ తెచ్చారు, ఇంకో పేరు పెట్టి. అప్పటికి తవిటినాయుడు మూడో శ్రేణి గార్డుగా రాజాంలో ఒక బట్టల కొట్టు ముందు స్థిరపడిపోయాడు.

ఆ పని తేలికే. కారు వస్తే తలుపు తియ్యాలి, చెప్పులు విప్పినవాళ్ళకి చోటు చూపించాలి, ముసలివాళ్ళకి మెట్ల దగ్గర చెయ్యి అందించాలి. మొదటి వారాలు బుర్ర ఖాళీ కుండలా ఉంది. అసిరమ్మ రోజూ ఏదో ఒక పేరు ఎత్తేది. ఆయన విని, తల ఊపేవాడు. ఆమె కూడా అడగడం తగ్గించింది.

ఆషాఢం వచ్చింది. పెళ్ళిళ్ళు లేవు, కొట్టులో జనం లేరు. వాన ముసురు. మధ్యాహ్నం స్టూలు మీద కూర్చుని రోడ్డు మీద నీళ్ళు పారడం చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ, చూడటం మానేశాడు. ఇన్నాళ్ళకి మొదటిసారి మనసు స్టూలు మీంచి లేచి ఎటో నడిచింది.

అది వెళ్ళింది సూరప్పడి దగ్గరికి కాదు, కండెల షెడ్డు కిటికీ దగ్గరికీ కాదు. గురువులన్న ముఖం దగ్గరికి వెళ్ళింది. ఒరే తవిటీ అని విప్పారిన ముఖం. కొంచెంకొంచెంగా ఆరిపోయిన ముఖం. పంచె కాలికి చుట్టుకుని తూలిన ముసలి ఒళ్ళు. ఆ రోజు చూసిందే, ఒక్క పిసరు తగ్గలేదు. ఆ రోజు లేని నొప్పి మాత్రం ఇప్పుడు వచ్చింది, దాచిపెట్టి ఒక్కసారి ఇచ్చినట్టు. తవిటినాయుడు స్టూలు మీద ముందుకి వంగిపోయి, రెండు చేతులతో ముఖం కప్పుకుని, బిగ్గరగా ఏడ్చాడు. కొట్టులోని అమ్మాయిలు పరిగెత్తుకొచ్చి, "తాతా, ఏమైంది? ఎక్కడ నొప్పి?" అని గాభరా పడ్డారు.

వారాంతపు సెలవు రోజున తవిటినాయుడు ఏరు దాటి గురువులన్న ఊరికి వెళ్ళాడు. కోడలు గుమ్మంలోకొచ్చి ఆయన్ని చూసి, తలుపుకి అడ్డంగా నిలబడింది.

"మావయ్య ఇంట్లో నేరు."

ఆమె భుజం మీంచి లోపల మంచం మీద కూర్చున్న గురువులు స్పష్టంగా కనిపిస్తున్నాడు. తవిటినాయుడు అరుగు కింద ఎండలోనే నిలబడ్డాడు. కోడలు తలుపు దగ్గరికి వేసింది. ఆయన కదల్లేదు. చాలాసేపటికి లోపలినించి గొంతు వినిపించింది.

"ఇంకా ఉన్నాడేటే వాడు?"

"ఉన్నాడు మావయ్యా."

"రమ్మను. అలగ బయట నిలబడితే సూసినోళ్ళు దొంగనుకుంటారు. నాకైతే అలవాటైపోనాది."

లోపలికి వెళ్ళి కింద కూర్చున్నాడు. గురువులు ఆయన్ని మంచం మీదికి రమ్మనలేదు.

"ఒకటే అడుగుతాను. ఆ రోజు నన్ను సూసినప్పుడు నేనెవలో తెలిసిందా నీకు?"

అబద్ధం చెబితే తేలిగ్గా పోయేది. తవిటినాయుడు చెప్పలేదు. "పేరు తెలిసింది అన్నా. నువ్వు తెలవనేదు."

గురువులు మంచం మీంచి ముందుకి వంగాడు. "నేల మీద కూకోబెట్టినార్రా నన్ను! నా కోడలి ముందు, సెప్పులు ఇప్పించి! నీ పెల్లిలో నీ పక్కన కూకున్న నన్ను!" అంటూ మొదలుపెట్టాడు. ఆ తిట్లు ఎండ గుమ్మంలోంచి గోడ మీదికి పాకేదాకా ఆగలేదు. నేత షెడ్డులో కుర్రాళ్ళని తిట్టిన పాత తిట్లన్నీ తవ్వి తీశాడు. తవిటినాయుడు తల వంచుకుని అన్నీ విన్నాడు. చివరికి గురువులు అలిసిపోయి, "ఇయ్యాలకి సాలు. మిగతాది వచ్చే ఆదివారం తిడతాను. రా" అన్నాడు.

చీకటి పడకముందే తవిటినాయుడు ఇల్లు చేరాడు. అసిరమ్మ చింతపండు పిసుకుతోంది. ఆయన కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఏం అడగాలో, అడగవచ్చో లేదో తెలియక, "ఏటన్నాడు?" అంది మెల్లగా.

"తిట్టాడు."

"శానా?"

"శానా." ఆయన పీట లాక్కుని పొయ్యి పక్కన కూర్చున్నాడు. హఠాత్తుగా నడుము నిటారుగా పెట్టి, కోడలిలా చెంగు సర్దుకున్నట్టు భుజం మీద చెయ్యి వేసుకున్నాడు. గొంతు సన్నం చేశాడు.

"ముందు సూడొలే, కోడలు గుమ్మంలోకొచ్చింది. వచ్చి, ఇలగ, అడ్డంగా నిలబడింది..."

అసిరమ్మ చింతపండు చెయ్యి అలాగే గిన్నెలో ఉంచి, ఆయన వైపు తిరిగి కూర్చుంది.